మీగడ రంగు చక్రాలు

ఈ రోజు ఉదయం జుగ్సలాయి బజారులో ఒక గోదాము ముందు లారీలోంచి ఇనుప చక్రం ఒకటి జారి రోడ్డు మీద పడింది. పడి, కాసేపు తన చుట్టూ తాను తిరిగి, బోర్లా పడిపోయే ముందు ఖంగుమని ఒక్కసారి మోగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో కూలీని తిట్టారు. నేను మాత్రం కూరల సంచీతో ఉన్నచోటే నిలబడిపోయాను. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నిజానికి అది మంచి చప్పుడే. పగులు లేని చక్రం అలాగే మోగుతుంది. ఆ సంగతి నాకు నేర్పింది సూరమ్మ పిన్ని. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఒంట్లో పుట్టే ఈ వణుకు కూడా ఆవిడ దగ్గర పనిచేసిన రోజుల్లో పట్టుకున్నదే.

సూరమ్మ పిన్ని నాకు చుట్టమేమీ కాదు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో ఇక్కడి ఉక్కు కంపెనీ పనికి వచ్చిన కుటుంబాలు మావి రెండూ; భాలుబాసాలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. ఖర్కాయీ నది దాటి ఆదిత్యపూర్‌లో, చిన్న చిన్న కార్ఖానాల మధ్య, ఒక రేకుల షెడ్డులో బళ్ళ చక్రాలకు రంగులు వేసే పని ఆవిడది. షెడ్డు పెట్టింది భర్త. ఆయన పోయాక మూసేస్తుందని అందరూ అనుకున్నారు. పదకొండో రోజు దాటగానే చీర మీద ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్ళి తాళం తీసింది. ఇది విన్నవాళ్ళు ఆవిడ చాలా ధైర్యస్థురాలనుకుంటారు. కాదు. నేను చూసిన మనుషుల్లో అంత పిరికి మనిషి లేదు. ఉరుము ఉరిమితే షెడ్డులో మెయిన్ స్విచ్ ఆపేసేది. థిన్నర్ డబ్బాలు ఎండ తగిలేచోట ఉన్నాయేమోనని గంటకోసారి వెళ్ళి చూసేది. రోడ్డు దాటాలంటే నా మోచెయ్యి పట్టుకునేది. పక్కనున్న లేత్ షాపువాళ్ళు ఆవిణ్ణి 'డర్‌పోక్ చాచీ' అని పిలిచేవాళ్ళు. పిరికిదని పిలుస్తున్నారని తెలిసి కూడా ఆవిడ ఏమీ అనుకునేది కాదు.

ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను ఆవిడ దగ్గర చేరాను. ఫోన్లు ఎత్తి, వచ్చిన చక్రాలకు చీటీలు కట్టడం నా పని. మూడు నెలలు గడిచేసరికి రెండు తెలుపుల మధ్య తేడా నా కళ్ళకు ఆనుతోందని ఆవిడ గమనించి, రంగులు కలిపే బల్ల దగ్గరికి మార్చింది. అంతకంటే ముందు నేర్పింది మాత్రం రంగు కాదు, తట్టడం. వచ్చిన చక్రం ఏదైనా సరే, పాత రంగంతా గీకేశాక తాడుతో వేలాడదీసి, చిన్న సుత్తితో చుట్టూ తట్టేది. ప్రతి దెబ్బకూ తల వంచి వినేది.

"కుండ కొన్నప్పుడు ఏటి సేత్తావు? యేలితో కొట్టి సూత్తావు గదా. ఇదీ అంతే," అంది మొదటి రోజు. "కుండ పగిల్తే నీల్లు పోతాయి. ఇది పగిల్తే మనుసులు పోతారు. అది గురుతెట్టుకో."

నేను నవ్వాను. మా తరం వాళ్ళం పెద్దలు తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిచ్చే అలవాటు పడ్డాం. "ఠీక్ హై పిన్నీ," అనేసి సుత్తి అందుకున్నాను. సరేనన్న మాట నోటి చివరి నుంచి వచ్చిందని ఆవిడకు తెలిసే ఉంటుంది.

సిన్హా సాహెబ్ కారు మా షెడ్డుకు వచ్చింది తొమ్మిదేళ్ళ క్రితం, చలికాలంలో. ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చిన కారు అది. గుండ్రటి ముక్కు, రెండే తలుపులు, ఒళ్ళంతా నల్లటి నునుపు. వాళ్ళ నాన్నగారు కొన్నారట. సిన్హా సాహెబ్ పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. మాట మెత్తగా ఉండేది గానీ, ఎదుటివాళ్ళు కాదనడం అలవాటు లేని గొంతు. రాంచీలో పాత కార్ల ప్రదర్శన ఉందనీ, ఆదివారం ఉదయం భార్యతో కలిసి తానే నడుపుకుంటూ వెళ్తాననీ, ఈలోగా నాలుగు చక్రాలకూ కొత్త రంగు వేసి ఇవ్వాలనీ అన్నాడు. డిక్కీలో ఉన్న అయిదో చక్రాన్ని ముట్టుకోవద్దన్నాడు. అది ఎవరికీ కనిపించదు కదా అని ఆయన లెక్క.

అసలు గొడవ ఏ రంగు వెయ్యాలన్న దగ్గర మొదలైంది. వచ్చేటప్పటికి చక్రాలు వెండి రంగులో ఉన్నాయి. ఆయనకు ముదురు ఎరుపు కావాలి, ఎండిన దానిమ్మ తొక్కలాంటి ఎరుపు. నల్లటి కారు కింద అది రాజసంగా ఉంటుందన్నాడు. నేను పది అట్టముక్కల మీద పది రంగులు పూసి, ఆరబెట్టి, ఒక్కొక్కటే బానెట్టుకు ఆనించి చూపించాను. ఎండలో ఒకలా, నీడలో ఒకలా కనిపించేవి. సూరమ్మ పిన్ని దూరంగా నిలబడి అన్నీ చూసింది. ఆయన ఎరుపు మీద వేలు పెట్టగానే దగ్గరికొచ్చి, తనకొచ్చిన వంకర హిందీలో, లేత రంగు వేయించుకోండి సాబ్ అని బతిమాలింది.

"ఎందుకమ్మా?" అన్నాడు ఆయన.

"భయం సాబ్," అంది. అంతే అంది.

ఆయన నవ్వి నా వైపు చూశాడు. నాకు సిగ్గేసింది. ఆయన వెళ్ళాక ఎందుకలా మాట్లాడావని అడిగితే, ఇనుములో పగులు పుడితే దాంట్లోంచి తుప్పు కారుతుందనీ, లేత రంగు మీద ఆ ఎర్రటి చార దూరం నుంచే కనబడుతుందనీ, ముదురు రంగు దాన్ని కడుపులో దాచుకుంటుందనీ చెప్పింది. "అందం ఆల్లకి. బయిం మనకి," అంది.

రెండో రోజు సిన్హా సాహెబ్ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. సన్నటి మనిషి, చేతికర్ర సాయంతో నడిచింది. అప్పటికి నేను ఒక చక్రం మధ్యనున్న పళ్ళెం లాంటి మూత ఊడదీసి, దాని కింద గరుకు కాగితంతో రుద్దుతున్నాను. వెండి రంగు కింద నలుపు, నలుపు కింద నీలం, ఉల్లిపాయ కోస్తే కనిపించే వలయాల్లా పొరలు బయటపడ్డాయి. అన్నిటికంటే అడుగున, ఆ మూత చాటున ఎవరి చెయ్యీ పడని చోట, మీగడ రంగు ఉంది. ఆవిడ వంగి చూసి, "ఇదే," అంది. పెళ్ళయిన కొత్తలో ఘాట్‌శిలా దారిలో వానలో టైరు పంక్చరైతే భర్త గొడుగు పట్టుకుని నిలబడగా చక్రం మార్చింది తానేనట. బురదలో ఆ మీగడ రంగు ఎలా కనిపించిందో తనకు గుర్తుందట. సిన్హా సాహెబ్ గొంతు సవరించుకుని, "సరే, ఇదే వెయ్యండి," అన్నాడు. సూరమ్మ పిన్ని గుడ్డ చాటున నవ్వింది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని, తెలుపులో పసుపు చుక్కలు, అందులో రవ్వంత నలుపు, సూది మొన మీద నిలిచేంత ఇటుక రంగు కలుపుతూ ఆ అడుగు పొరకు సరిపోయేదాకా వదల్లేదు. నా బతుకులో నేను కలిపిన మంచి రంగుల్లో అదొకటి.

శనివారం ఆవిడ రాలేదు. కంటిలో పొర వస్తోందని ఆస్పత్రికి వెళ్ళింది. చుక్కల మందు వేశారు, ఆ పూటకు కళ్ళు మసకగా ఉంటాయన్నారు. మూడు చక్రాలు అప్పటికే పూర్తయ్యాయి. నాలుగోది నేనొక్కదాన్నే చెయ్యాలి. పాత రంగు గీకుతుంటే, బోల్టు దూరే రంధ్రం పక్కన ఒక సన్నటి గీత కనిపించింది. వేలిగోరంత ఉంటుంది. వెంట్రుక అంటుకుందేమోనని గుడ్డతో తుడిచాను. పోలేదు. గీకే కత్తి తగిలి పడిన గాటేమోననుకున్నాను. అనుకున్నాను అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అనుకోవాలని నిశ్చయించుకున్నానంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. చక్రాన్ని తాడుకు వేలాడదీసి తట్టడానికి అయిదు నిమిషాలు చాలు. తట్టలేదు. తడితే ఏం వినాల్సివస్తుందోనని భయం. డిక్కీలోది ముట్టుకోవద్దన్నాడు, ఇలాంటి చక్రం ఇంకోటి ఊళ్ళో ఎక్కడా దొరకదు. ప్రయాణం ఆగిపోతే సిన్హా సాహెబ్ ముఖం ఎలా ఉంటుందో అని భయం. ఆ గీత మీద సన్నగా లప్పం పెట్టి, ఆరాక రుద్ది, మీగడ రంగు వేశాను. చాలా అందంగా వచ్చింది. సాయంత్రం టైరు ఎక్కించి దాన్ని కారుకు బిగించేశాను.

ఆదివారం ఏడింటికి సిన్హా సాహెబ్ వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, నా భుజం తట్టి, ఇంటికి వెళ్ళి భార్యను ఎక్కించుకుని బయల్దేరతానని చెప్పి తీసుకెళ్ళాడు. ఎనిమిదికి సూరమ్మ పిన్ని వచ్చింది. ఖాళీ జాగా వైపు చూస్తూ చొక్కా తొడుక్కుంది.

"ఎల్లిపోనాదా? నాలుగూ తట్టి సూసినావు గదే?"

"హాఁ పిన్నీ. చారోఁ బజా లియా," అన్నాను. నాలుగూ తట్టానని. అబద్ధం హిందీలో ఎంత సులువుగా వచ్చిందో!

ఆవిడ తలూపి పనిలో పడింది. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాను. రాంచీ దారిలో బుండు దాటాక తైమారా ఘాటు వస్తుంది; ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వంకరలు తిరిగే రోడ్డు. చేతికర్రను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్న ఆ సన్నటి మనిషి కళ్ళలో మెదిలింది. నాలుక ఎండిపోయింది. అరగంట అలా గడిచాక ఇక నా వల్ల కాలేదు. ఆవిడ ముందు నిలబడి తెలుగులో చెప్పాను. హిందీ రాలేదు.

"పిన్నీ, నాలుగోది తట్టలేదు. గీత ఉంది. లప్పం పెట్టీసాను."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆవిడ ముఖంలో రక్తం లేదు. "ఏ పక్క?" అని ఒక్క మాట అడిగింది. వెనక ఎడమ పక్కదన్నాను. సిన్హా సాహెబ్‌కు ఫోన్ చేశాం. మోగుతూనే ఉంది, ఆయన బండి నడుపుతూ ఫోన్ ఎత్తడు. ఇంటికి చేస్తే బయల్దేరి పావుగంట దాటిందన్నారు. సూరమ్మ పిన్ని ఒక సంచీలో సుత్తి, కిరసనాయిలు సీసా, సుద్దముక్క, గీకే కత్తి వేసుకుంది. "స్కూటీ తియ్యి," అంది. మానగో వంతెన మీద ఆటోలో వెళ్ళడానికే కళ్ళు మూసుకునే మనిషి, నా వెనకెక్కి నా నడుము పట్టుకుంది.

కారు ఊళ్ళోంచి పెద్ద రోడ్డు మీదుగా వెళ్ళింది. మాకు ఆదిత్యపూర్ నుంచి కాండ్రా మీదుగా దగ్గర దారి ఉంది. అది ఘాటుకు చాలా ముందే, చౌకా దగ్గర అదే పెద్ద రోడ్డులో కలుస్తుంది. లారీల మధ్య నుంచి, ఎగిరిపడే కంకరలోంచి ఎలా నడిపానో తెలియదు. ఒక్కో లారీ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా వెనక నుంచి "నారాయణా" అని వినిపించేది. ఆగమని మాత్రం ఒక్కసారీ అనలేదు. చౌకా చేరేసరికి పదవుతోంది. కూడలిలో టీ దుకాణం అతణ్ణి అడిగితే, పాత కార్లు రెండు వెళ్ళాయనీ, అందులో నల్లది ఉందో లేదో చూడలేదనీ అన్నాడు.

వెళ్ళిపోయిందో, ఇంకా రావాలో తెలియదు. ముందుకు వెళ్తే వెనక వచ్చే కారును పోగొట్టుకుంటాం. ఇక్కడే నిలబడితే, ఘాటు ఎక్కుతున్న కారును వదిలేసినట్టవుతుంది. ఫోన్ మళ్ళీ మళ్ళీ చేస్తూ రోడ్డు పక్కన నిలబడ్డాం. వచ్చే ప్రతి బండినీ చూశాను. నల్లటిది దూరంగా కనిపిస్తే రోడ్డు అంచుకు పరుగెత్తేదాన్ని. దగ్గరికొస్తే ఏదో మామూలు కారు. నేను ఏడుపు మొదలెట్టాను. సూరమ్మ పిన్ని రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే మాట్లాడింది.

"ఏడవకు. ఇను. మీ బాబాయి ఉన్నప్పుడు ఒక జీపు వచ్చినాది. పగులు నేను సూసేను. తొందరగా ఇచ్చీమన్నారు. సెప్పితే మీ బాబాయి కేకలేత్తాడని నోరు మూసుకుని రంగేసీసేను. ఎల్లిపోనాది."

"తర్వాత?"

"తరవాత ఏటీ నేదు. ఆ జీపు ఎవులికో అమ్మీసారు. ఆల్లెవులో, ఏ ఊరో, నాకు తెల్దు. ఏటీ జరగనేదేమో. జరిగిందేమో. పద్దెనిమిదేల్లయినాది. రోడ్డు మీద జీపు కనిపిత్తే సక్రం కేసే సూత్తాను." ఆగి, ముక్కు తుడుచుకుంది. "నువ్వు అరగంటలో సెప్పీసినావు. నేను ఇప్పటిదాకా ఎవులికీ సెప్పనేదే, లచ్చిమీ."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అలా ఎంతసేపు నిలబడ్డామో! మా ఊరి వైపున్న చాండిల్ నుంచి లారీ వెనక లారీ వస్తూనే ఉంది. ఒక సిమెంటు లారీ పక్కకు తప్పుకోగానే దాని వెనక ఆ గుండ్రటి నల్లటి ముక్కు కనిపించింది. నేను కేక వేసేలోగా సూరమ్మ పిన్ని నా చెయ్యి వదిలించుకుని, రెండు చేతులూ పైకెత్తి, ఆ పెద్ద రోడ్డు మధ్యకు వెళ్ళి నిలబడింది.

చాండిల్‌లో టీకి ఆగి వస్తున్న సిన్హా సాహెబ్ బ్రేకు వేసి దిగుతూనే, పిచ్చి పట్టిందా అని అరిచాడు. ఆవిడ కారు పక్కకు పెట్టించి, వెనక ఎడమ చక్రం దగ్గర కూర్చుని, కత్తి నా చేతిలో పెట్టింది. "నువ్వే గీకు," అంది. నా చేత్తో వేసిన రంగును నా చేత్తోనే గీకాను. మీగడ రంగు పొట్టు పొట్టుగా రాలింది. కింద ఇనుము బయటపడ్డాక ఆవిడ కిరసనాయిలు పూసి, కాసేపుంచి, పొడిగా తుడిచి, సుద్ద అరగదీసి ఆ పొడి రాసింది. నలుగురం వంగి చూస్తున్నాం. తెల్లటి సుద్ద మీద ముందు ఏమీ లేదు. తర్వాత, లోపల దాక్కున్న నూనె మెల్లగా పైకి ఊరి, బోల్టు రంధ్రం నుంచి బొటనవేలంత పొడుగున తడి గీత ఒకటి తేలింది. నేను చూసిన దానికి నాలుగింతలు. దారిలో పెరిగిందో, ముందే అంత ఉందో ఎవరం చెప్పలేం. సిన్హా సాహెబ్ దాన్ని చూసి, భార్య వైపు చూసి, కారు తలుపు పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

తప్పు నాదని ఆయనకు నేనే చెప్పాను. పిన్ని చెప్పలేదు. డిక్కీలో ఉన్న అయిదో చక్రం తీసి, అక్కడే మట్టిలో నిలబెట్టి సూరమ్మ పిన్ని తట్టింది. మంచిగా మోగింది. అయినా బోల్టు రంధ్రాల చుట్టూ రంగు గీకి, కిరసనాయిలు, సుద్ద పట్టించి కానీ బిగించనివ్వలేదు. మూడు మీగడ రంగు చక్రాలు, ఒకటి వెండి రంగుది. ప్రదర్శనకు ఇలా ఎలా వెళ్తామని ఆయన గొణిగితే, "చూసేవాళ్ళను చూడనివ్వండి," అంది ఆయన భార్య. వెళ్ళబోతూ ఆవిడే సూరమ్మ పిన్ని తల మీద చెయ్యి ఉంచి ఏదో అంది, నాకు వినబడలేదు. వాళ్ళు నెమ్మదిగా వెళ్ళి సాయంత్రానికి క్షేమంగా చేరామని ఫోన్ చేశారు. ఆ తర్వాత సిన్హా సాహెబ్ మా షెడ్డుకు మళ్ళీ రాలేదు. ఆయన కోపం న్యాయమైనదే.

పగిలిన చక్రాన్ని తెచ్చి, గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేయించింది పిన్ని. ఎవరూ మళ్ళీ దానికి రంగు వేసి అమ్మకూడదని. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. మూడేళ్ళ తర్వాత కంటికి ఆపరేషన్ అయినా చూపు పూర్తిగా రాలేదు. ఒక రోజు సుద్ద మీద గీత నేను చెప్పేదాకా తనకు కనిపించలేదు. సుత్తి కింద పెట్టి, "ఇంక నా వల్ల కాదు. నాకు బయమేత్తంది," అని, తాళంచెవి నా చేతిలో పెట్టింది. నేనెందుకని అడిగాను. అబద్ధం చెప్పినదాన్ని కదా అన్నాను. "అందుకే," అంది. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

ఇప్పుడు షెడ్డు నాది. ఇద్దరు ఆడపిల్లలు పనిచేస్తున్నారు. అన్నీ తట్టించి, అన్నిటికీ సుద్ద రాయించి, నా కళ్ళతో చూశాకే చక్రం బయటికి వెళ్తుంది. అయినా బండి గేటు దాటగానే నాలుక ఎండిపోతుంది. ఏదో చూడలేదేమో, ఏదో మరిచానేమో. ఈ భయం తగ్గుతుందని చాలా ఏళ్ళు ఎదురుచూశాను. తగ్గలేదు. ఇప్పుడు తగ్గాలని కోరుకోవడం కూడా మానేశాను. పోయిన వారం ఒక కుర్ర జంట తమ బండి చక్రాలకు ఆకాశనీలం వేయించుకుని పురూలియా వైపు వెళ్ళారు. రెండో రోజు మధ్యాహ్నం కంచం ముందు పెట్టుకుని కూడా ముద్ద ఎత్తలేక ఆ అబ్బాయికి ఫోన్ చేశాను.

"ఏమైందండీ? చక్రాల్లో ఏదైనా తేడా ఉందా?" అని కంగారుపడ్డాడు.

"ఏమీ లేదు బాబూ. ఎలా ఉన్నారోనని."

"బాగున్నామండీ. ఇప్పుడే భోజనానికి కూర్చున్నాం."

సరేనని ఫోన్ పెట్టేసి, నేనూ అన్నంలో చెయ్యి పెట్టాను.